స్టేషన్ పక్కనే స్టేడియం

ఊరి నడుమ ఉన్న మైదానం అమ్ముడైపోయింది. కొత్త చోటు వెతుక్కోవడానికి ఆ ఫుట్‌బాల్ జట్టుకి పద్నాలుగేళ్లు పట్టింది. చివరికి ఇల్లు దొరికింది ఎక్కడో తెలుసా... రెండే ప్లాట్‌ఫారాలున్న ఓ చిన్న రైల్వేస్టేషన్ పక్కన!

శనివారం మధ్యాహ్నం బ్రైటన్ స్టేషన్‌కి వెళితే పెళ్లివారంతా ఒకే రైలెక్కుతున్నారేమో అనిపిస్తుంది. నీలం, తెలుపు చారల చొక్కాలేసుకున్న తాతలు, వాళ్ల చేయి పట్టుకున్న మనవళ్లు, మెడకి మఫ్లర్లు చుట్టుకున్న అమ్మాయిలు... అందరి చూపూ లూయిస్ వైపు వెళ్లే రైలు మీదే. ఎక్కి పట్టుమని పది నిమిషాలైనా కాకముందే బండి దాదాపు ఖాళీ అయిపోతుంది. ఆ స్టేషన్ పేరు ఫాల్మర్. మామూలు రోజుల్లో అక్కడ దిగేది ఎక్కువగా కాలేజీ పిల్లలే. అటు సస్సెక్స్ విశ్వవిద్యాలయం, ఇటు బ్రైటన్ విశ్వవిద్యాలయం ప్రాంగణం. మ్యాచ్ రోజున మాత్రం వేలమంది. బయటికి రాగానే పచ్చని గుట్టల ఒడిలో విల్లులా వంగిన పైకప్పు కనిపిస్తుంది. అదే అమెక్స్ స్టేడియం. బ్రైటన్ అండ్ హోవ్ ఆల్బియన్ జట్టు సొంతిల్లు.

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, లండన్‌కి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది బ్రైటన్. సముద్రం, గులకరాళ్ల తీరం, నీళ్లలోకి చొచ్చుకుపోయిన పొడవాటి పియర్... సెలవులకి లండన్ జనం వాలిపోయే ఊరు. దాన్ని ఆనుకునే హోవ్. ఈ జంట ఊళ్ల జట్టుకి ముద్దుపేరు ‘సీగల్స్’... అంటే సముద్రపు కాకులు. కాకులకైతే గూడు కట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ జట్టుకి మాత్రం ఒక దశాబ్దం అనుమతులతోనే గడిచిపోయింది. స్టేడియం కట్టడానికి పట్టింది రెండున్నరేళ్లకి కాస్త ఎక్కువ, అంతే. మిగతా కాలమంతా రెండు ప్రశ్నల చుట్టూ తిరిగింది. ఆ కొండల అందం ఏమవుతుంది? అంతమంది జనం ఎలా వస్తారు, ఎలా పోతారు?

నడిచెళ్లే మైదానం పోయింది

1902 నుంచీ ఈ జట్టు ఆడింది హోవ్‌లోని గోల్డ్‌స్టోన్ గ్రౌండ్‌లో. చుట్టూ ఇళ్లు, ఎదురుగా పార్కు, నడిచిపోయేంత దూరంలో రైల్వేస్టేషన్. ఆ కాలంలో కట్టిన ఇంగ్లండ్ మైదానాలన్నీ దాదాపు ఇలాగే ఉండేవి. కార్లు లేని రోజులు కదా, జనం ఎక్కడుంటే ఆట అక్కడికే వచ్చింది. శనివారం మధ్యాహ్నం దాకా పనిచేసి, అటునుంచి అటే నడుచుకుంటూ వెళ్లేవాళ్లు. మ్యాచ్ అయిపోతే పది వీధుల్లోకి పదిరకాలుగా చీలిపోయేవాళ్లు. ‘రవాణా ప్రణాళిక’ అన్న మాటే అవసరం లేకపోయింది.

క్లబ్బు అప్పుల్లో కూరుకుపోయింది. 1995లో అప్పటి యాజమాన్యం ఆ స్థలాన్ని దుకాణాల సముదాయం కోసం అమ్మేసింది. కొత్త మైదానం ఎక్కడన్నది తేలకుండానే! అభిమానులకి కడుపు మండిపోయింది. 1996 ఏప్రిల్‌లో యార్క్ సిటీతో మ్యాచ్ మధ్యలోనే మైదానంలోకి దూసుకెళ్లారు, ఆట ఆగిపోయింది. అయినా అమ్మకం ఆగలేదు. 1997 ఏప్రిల్ 26న డాన్‌కాస్టర్ రోవర్స్‌తో అక్కడ ఆఖరి మ్యాచ్. ఒకే ఒక్క గోలుతో బ్రైటన్ గెలిచింది. గుర్తుగా ఉంటుందని గడ్డి పెళ్లలు పెకలించి ఇంటికి పట్టుకెళ్లినవాళ్లు ఎంతోమంది. వారం తర్వాత హెరిఫర్డ్‌లో 1-1తో డ్రా చేసుకుని, లీగ్ నుంచే గెంటుడుపడే ప్రమాదాన్ని వెంట్రుకవాసిలో తప్పించుకున్నారు. జట్టు బతికింది. ఇల్లే లేదు.

తర్వాతి రెండేళ్లు ‘సొంత మైదానం’ అంటే కెంట్ జిల్లాలోని జిల్లింగమ్. బ్రైటన్ నుంచి రోడ్డు మీద 110 కిలోమీటర్ల పైచిలుకు. రానూపోనూ రెండింతలు. పిల్లాణ్ని మ్యాచ్‌కి తీసుకెళ్లాలంటే తండ్రికి ఒక రోజంతా పోవాల్సిందే. మన పక్క వీధి గుళ్లో ఉత్సవాన్ని తీసుకెళ్లి పక్క జిల్లాలో చేస్తామంటే ఎంతమంది వెళ్తారు? అక్కడా అంతే. మైదానం అద్దెకి దొరికింది కానీ జనం అద్దెకి దొరకలేదు.

1999లో డిక్ నైట్ నాయకత్వంలోని కొత్త యాజమాన్యం జట్టుని మళ్లీ బ్రైటన్‌కి తీసుకొచ్చింది. అయితే అది ఫుట్‌బాల్ మైదానం కాదు... విత్‌డీన్ అనే చోట పరుగుపందాలు జరిగే స్టేడియం. చుట్టూ చెట్లు, ప్రశాంతమైన ఇళ్లు. పక్షం రోజులకోసారి వేలమంది వచ్చిపడతారంటే అక్కడివాళ్లు ఊరుకుంటారా? షరతులు పెట్టారు. మ్యాచ్ రోజున చుట్టుపక్కల వీధుల్లో అభిమానులు కార్లు నిలపకూడదు. లౌడ్‌స్పీకర్ మోత మీదా ఆంక్షలే. మరి జనం ఎలా రావాలి? అందుకే మ్యాచ్ టికెట్‌లోనే బస్సు, రైలు ఛార్జీలు కలిపేశారు. ఊరి బయట కార్లు వదిలేసి బస్సులో వచ్చే ఏర్పాటు చేశారు. మొదట్లో మొహమాటంగా ఒప్పుకున్న ఈ షరతే తర్వాత జట్టుకి పెద్ద ఆస్తి అయింది. ఎందుకంటే, ‘కార్లు లేకుండా మ్యాచ్‌లు నడపగలం’ అని చెప్పుకోవడానికి వాళ్ల చేతిలో పన్నెండేళ్ల సాక్ష్యం ఉంది.

కానీ విత్‌డీన్ తాత్కాలికమే. పైకప్పు లేని బల్లలు, వానొస్తే తడిసి ముద్ద. ఎంత సర్దినా తొమ్మిది వేల సీట్లు దాటలేదు. ఆ గేటు ఆదాయంతో పెద్ద లీగుల్లో నిలబడటం కుదిరే పని కాదు.

కప్ప బొరియ నుంచి సిమెంటు ఫ్యాక్టరీ దాకా

కొత్త స్టేడియానికి క్లబ్బు కన్ను పడింది ఫాల్మర్ మీద. నగరానికి ఆరు కిలోమీటర్ల దూరం. 1999 మేలో బ్రైటన్, హోవ్ ప్రజల అభిప్రాయం అడిగితే మూడింట రెండొంతుల మంది సరేనన్నారు. 2002లో నగరపాలక సంస్థ కూడా పచ్చజెండా ఊపింది. ఇక కట్టుకోవడమే అనుకున్నారు.

అక్కడే చిక్కొచ్చింది. ఫాల్మర్ ఆనుకుని ఉన్నది సౌత్ డౌన్స్... సుద్దరాతి మీద పచ్చగడ్డి పరుచుకున్న గుండ్రటి కొండల వరుస. స్థలంలో కొంత భాగం, ప్రకృతి అందం కోసం చట్టరీత్యా కాపాడే ప్రాంతంలోకి వస్తుంది. పైగా ఫాల్మర్ గ్రామానికి రోడ్డు దెబ్బ ముందే తగిలింది. దక్షిణ తీరం వెంట సాగే ఏ27 రహదారి ఊరిని నిట్టనిలువునా రెండు ముక్కలు చేసేసింది. చర్చి, చెరువు ఓ పక్క, ఊరి పబ్బు మరో పక్క. మధ్యలో ఆగకుండా దూసుకుపోయే వాహనాలు. అటువాళ్లు ఇటు రావాలంటే వంతెనెక్కాలి. అలాంటి ఊరి పక్కకి 22 వేల మంది వస్తారంటే భయపడటంలో తప్పేముంది? గడ్డి గట్ల మీద కార్లు ఆపేస్తారనీ, ఇంటికి వెళ్లే దారి మూసుకుపోతుందనీ వాళ్ల ఆందోళన. గ్రామ మండలి, పక్కనున్న లూయిస్ జిల్లా మండలి అడ్డం తిరిగాయి. అభిమానుల పాటల్లో వీళ్లు విలన్లే కావచ్చు కానీ, లేవనెత్తిన ప్రశ్నలు మాత్రం నిజమైనవే.

ఓ చిన్న లెక్క వేసి చూడండి. 22 వేల మందీ కార్లలోనే వస్తారనుకుందాం. కారుకి ముగ్గురు చొప్పున ఏడు వేల కార్లకి పైనే. ఒక్కో కారుకి ఆరు మీటర్ల చోటు... ఒకదాని వెనక ఒకటి నిలబెడితే 42 కిలోమీటర్ల వరుస. అంటే బ్రైటన్ నుంచి లండన్‌కి సగం దారి! అవన్నీ మూడింటికి మొదలయ్యే ఆట కోసం ఒకే గంటలో రావాలి, అయిదింటికి ఒకే నిమిషంలో బయల్దేరాలి. ఎంత వెడల్పు రహదారైనా ఆ ఒక్క నిమిషానికి చాలదు. షాపింగ్ మాల్‌కీ స్టేడియానికీ తేడా ఇదే. మాల్‌కి రోజంతా వస్తూపోతూ ఉంటారు. స్టేడియం నుంచి అందరూ ఒకేసారి లేస్తారు.

ప్రభుత్వం 2003లో బహిరంగ విచారణ జరిపించింది. ప్రకృతి అందం దెబ్బతింటుంది, వద్దన్నారు విచారణాధికారులు. అయితే ఉపప్రధాని జాన్ ప్రెస్కాట్ వెంటనే కొట్టిపారేయలేదు. ‘ఫాల్మర్ కాకపోతే ఇంకెక్కడ?’ అన్నది తేల్చమని 2005లో మళ్లీ విచారణ పెట్టించారు. ఈసారి ఏడు చోట్లని వడపోశారు.

ఆ జాబితా చదివితే సగం ఊరు తిరిగొచ్చినట్టే. ‘టోడ్స్ హోల్ వ్యాలీ’... తెలుగులో చెప్పాలంటే కప్ప బొరియ లోయ! ఏ27 పక్కనే ఉంది కానీ రైలు లేదు. తూర్పున షీప్‌కోట్ వ్యాలీ... రైలు ఊసే లేదు. ఉత్తరాన వాటర్‌హాల్... అదీ కొండల ఒడిలోనే, స్టేషన్ దాపులో లేదు. పడమట మూతపడ్డ బీడింగ్ సిమెంటు కర్మాగారం... బోలెడంత చోటుంది, కానీ ఆ లోయలో నడిచిన ప్యాసింజరు రైలు 1966లోనే ఆగిపోయింది. షోరమ్ రేవు... ఇరుకు రోడ్లు. బ్రైటన్ స్టేషన్ పక్కనున్న స్థలానికి రైళ్లకి కొదవేం లేదు, స్టేడియానికి చోటే లేదు. ఇక ఏడోది విత్‌డీన్, దాని కథ తెలిసిందేగా. ఎటు తిప్పినా... రైలుంటే చోటు లేదు, చోటుంటే రైలు లేదు. రెండూ ఉన్నది ఫాల్మర్‌లోనే. అక్కడ 1846లో లైను పడింది. స్టేషన్ ఇప్పుడున్న చోటికి వచ్చింది 1865లో. అంటే గోల్డ్‌స్టోన్‌లో జట్టు అడుగుపెట్టడానికి ముప్పై ఏడేళ్ల ముందే భవిష్యత్తు స్టేడియానికి స్టేషన్ సిద్ధమైపోయిందన్నమాట!

ఈలోగా అభిమానులు ఖాళీగా కూర్చోలేదు. సంతకాలు సేకరించారు, లేబర్ పార్టీ మహాసభలు బ్రైటన్‌లో జరిగినప్పుడు ఊరేగింపు తీశారు. ‘మాకు ఫాల్మర్ కావాలి’ అంటూ ఓ పాట కట్టి విడుదల చేస్తే 2005 జనవరిలో అది బ్రిటన్ పాటల పట్టికలో 17వ స్థానానికి చేరింది. రైల్వేస్టేషన్ పక్కన స్థలం కోసం పాడిన పాట అంత పైకి వెళ్లడం అదే మొదటిసారేమో.

2005 అక్టోబరు 28న ప్రెస్కాట్ అనుమతిచ్చారు. సంబరాలు చల్లారకముందే మళ్లీ గొడవ. అనుమతి పత్రంలో, స్టేడియం స్థలం పట్టణ పరిధి గీత లోపలే ఉన్నట్టు పొరపాటున రాశారు. లూయిస్ జిల్లా మండలి కోర్టుకెళ్లింది. ప్రభుత్వం తప్పు ఒప్పుకోక తప్పలేదు. అనుమతి రద్దయింది. మొత్తం దస్త్రాన్ని మరోసారి తిరగేసి 2007 జులైలో మంత్రి హేజెల్ బ్లియర్స్ మళ్లీ అవునన్నారు. లూయిస్ ఈసారి కోర్టుకెళ్లలేదు.

టికెట్‌లోనే ఛార్జీ

అప్పటికి డబ్బు సమస్య. తాత హ్యారీ బ్లూమ్ ఒకప్పుడు ఈ క్లబ్బుకి ఉపాధ్యక్షుడు. మనవడు టోనీ బ్లూమ్ 2009లో అధ్యక్షుడై 9 కోట్ల 30 లక్షల పౌండ్లు పెట్టాడు. కొండవాలుని తవ్వి, మైదానాన్ని లోతుగా కూర్చోబెట్టారు... దూరం నుంచి చూస్తే గుట్టల గీత చెదరకూడదని. తవ్విన సుద్దమట్టిని లారీలకెత్తి ఊళ్ల మీదుగా తోలకుండా పక్క పొలంలోనే పరిచారు. రోడ్డు మీద లారీల రద్దీ తగ్గించడానికి అదో ఉపాయం.

2011 ఆగస్టు 6న తొలి లీగ్ మ్యాచ్. ప్రత్యర్థి ఎవరో ఊహించగలరా? డాన్‌కాస్టర్ రోవర్స్! గోల్డ్‌స్టోన్‌లో చివరిగా ఆడిన అదే జట్టు. బ్రైటన్ 2-1తో గెలిచింది. పద్నాలుగేళ్ల క్రితం గడ్డి పెళ్ల పట్టుకెళ్లిన కుర్రాడు ఈసారి తన పిల్లాణ్ని వెంటబెట్టుకుని వచ్చి ఉంటాడు.

ఆ రోజు నుంచే విత్‌డీన్ పాఠాన్ని ఇక్కడ పెద్ద ఎత్తున అమలుచేశారు. మ్యాచ్ టికెట్ చేతిలో ఉంటే నిర్ణీత పరిధిలో బస్సు, రైలు ఛార్జీ అందులోనే కలిసి ఉండేది. ఆ ఖర్చు క్లబ్బు భరించి రవాణా సంస్థలకి కట్టింది. ఊరంచున గుర్రప్పందాల మైదానం వంటి చోట్ల కార్లు వదిలి బస్సెక్కే ఏర్పాటు. విశ్వవిద్యాలయాలకి వెళ్లే 25వ నంబరు బస్సుంది. సైకిళ్లవాళ్లకి లూయిస్ రోడ్డు వెంట దారి. దగ్గర్లోని మోల్సెకూమ్, కోల్డీన్ వీధుల్లో మాత్రం మ్యాచ్ రోజున అక్కడివాళ్ల కార్లకే చోటు. డబ్బు ముందే కట్టేశాం కదా, కారెందుకు తీయాలి అనిపించేది ఎవరికైనా. ఉపదేశాలకి లొంగని మనిషి ఛార్జీ దగ్గర లొంగుతాడు. దాన్ని పట్టుకోవడమే వీళ్ల తెలివి.

అలాగని అంతా సాఫీగా ఏమీ లేదు. చిన్న స్టేషన్ చిన్న స్టేషనే. ఆట అయ్యాక ఫాల్మర్‌లో పాములా మెలికలు తిరిగే వరుస. రైలుకి వెయ్యి మంది పడతారనుకున్నా అయిదారు వేలమందికి అయిదారు రైళ్లు కావాలి. దీనికి క్లబ్బు కనిపెట్టిన చిట్కా గమ్మత్తైంది. ఆట ముగిశాక కూడా స్టేడియంలోని బార్లు తెరిచే ఉంచుతుంది. వచ్చిన ప్రత్యర్థి అభిమానులకి వాళ్ల ఊరి బీరే తెప్పించి పెడుతుంది! అతిథి మర్యాద అనుకోవచ్చు. సగం మంది ఇంకో అరగంట కూర్చుంటే స్టేషన్ దగ్గర వరుస కురచవుతుందన్న లెక్కా ఉంది అందులో. తర్వాతి రోజుల్లో సీట్లు 30 వేలు దాటాయి. 2017లో జట్టు ప్రీమియర్ లీగ్‌కి చేరింది. స్టేషన్‌కి ప్లాట్‌ఫారాలు మాత్రం రెండే.

రైలు మీద ఇంతగా ఆధారపడితే రైలు ఆగినప్పుడు? 2022 సెప్టెంబరు 17న క్రిస్టల్ ప్యాలెస్‌తో మ్యాచ్ ఉండగా రైల్వే సిబ్బంది సమ్మె ప్రకటించారు. మ్యాచ్ వాయిదా పడింది! ఆటగాళ్లున్నారు, మైదానం ఉంది, వాన లేదు, మంచు లేదు... రైలు లేదు, అంతే. ఆ తర్వాత రాణి ఎలిజబెత్ మరణంతో సమ్మెని విరమించినా ఆ రోజు ఆట జరగలేదు. 2023 మార్చిలో ఆడి, బ్రైటన్ 1-0తో గెలిచింది.

ఆ పక్క డార్లింగ్టన్, ఈ పక్క లివర్‌పూల్

దారి సంగతి చూడకుండా కడితే ఏమవుతుందో ఇంగ్లండ్ ఈశాన్యంలోని డార్లింగ్టన్ చూపిస్తుంది. 1825లో ప్రజల కోసం ఆవిరి రైలు నడిపి చరిత్రకెక్కిన ఊరది. అలాంటి చోట, 2003లో ఊరి చివర ఏ66 రహదారి పక్కన 25 వేల సీట్లతో స్టేడియం కట్టారు. చుట్టుపక్కల రోడ్లు అంతమందిని మోయలేవంటూ పదివేల మందికే అనుమతి పరిమితం చేశారు. నిజానికి ఆ చిన్న జట్టుకి పదివేలు రావడమూ గగనమే. ఖాళీ కుర్చీల నిర్వహణ భారం మోయలేక, క్లబ్బు అప్పుల్లో మునిగి 2012లో ఆ స్టేడియాన్ని వదిలేసింది.

లివర్‌పూల్‌లో తాజా ఉదాహరణ. 1892 నుంచీ ఇళ్ల మధ్య గుడిసన్ పార్క్‌లో ఆడిన ఎవర్టన్ పురుషుల జట్టు 2025లో మెర్సీ నది ఒడ్డున బ్రామ్లీ-మూర్ డాక్‌లో కట్టిన కొత్త స్టేడియానికి మారింది. 52 వేల పైచిలుకు సీట్లు. దగ్గరి స్టేషన్ శాండ్‌హిల్స్‌కి పావుగంట నడక. అక్కడ కూడా జనం వరుసల కోసం ప్రత్యేకంగా ఓ ఆవరణ కట్టాల్సి వచ్చింది. విచిత్రం ఏమిటంటే, సరిగ్గా ఆ రేవు రోడ్డు మీదుగానే 1893 నుంచి 1956 దాకా స్తంభాల మీద కరెంటు రైలు నడిచింది. మరమ్మతులకి డబ్బు లేదని మూసేసి, ఇనుమంతా పీకేశారు. ఇప్పుడది ఉండి ఉంటే స్టేడియం గుమ్మం ముందే దిగేవాళ్లు.

వెళ్లాలనుకుంటే...

లండన్ విక్టోరియా నుంచి బ్రైటన్‌కి రైల్లో గంట ప్రయాణం. అక్కడ లూయిస్ వైపు వెళ్లే బండి పట్టుకుంటే చాలు. మ్యాచ్ లేని రోజు వెళితే ఫాల్మర్ చెరువు గట్టున కాసేపు కూర్చోవచ్చు. చర్చి, చెకుముకి రాళ్ల గోడలు, నీళ్లలో బాతులు, వెనకాల ఏ27 హోరు... అన్నీ ఒకేచోట. గ్రామం వైపు నుంచి స్టేడియాన్ని చూస్తే ఆ పదేళ్ల పోట్లాట రెండు వైపులా అర్థమవుతుంది. మ్యాచ్ రోజున వెళితే మాత్రం ఆఖరి ఈల వినగానే స్టేషన్‌కి పరుగెత్తనక్కర్లేదు. ముందు పరుగెత్తినవాళ్లూ, తీరిగ్గా ఓ కప్పు టీ తాగి కదిలినవాళ్లూ చాలాసార్లు ఒకే రైలెక్కుతారు.